ముఖం మీద కత్తి పెట్టించుకునే ముందు

కాస్మెటిక్ క్లినిక్‌వాళ్ళు చూపించే ఫొటోల జంటలో ఆపరేషన్‌కి ముందున్న ముఖం ఎప్పుడూ దిగులుగానే ఉంటుంది. చెదిరిన జుట్టు, కిందికి దించిన గడ్డం, నెత్తి మీద ట్యూబ్‌లైటు. ఆపరేషన్ తర్వాతి ముఖం మాత్రం నవ్వుతూ, లిప్‌స్టిక్ వేసుకుని, కిటికీ వెలుగులో కూర్చుని ఉంటుంది. ఈ అలంకారమంతా తీసేసి చూస్తే ముక్కులో మిగిలిన మార్పు ఎంత? చాలా ఫొటోల్లో అది తేల్చడం కష్టం.

కెమెరా దూరం చేసే మాయ ఇంకొకటి. అడుగు దూరంలో ఫోను పట్టుకుని తీసుకున్న సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే, దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్క కట్టారు. లెన్సులో లోపమేమీ లేదు. ముక్కు కొన చెవులకన్నా కెమెరాకి దగ్గరగా ఉంటుంది, ఫోను దగ్గరయ్యేకొద్దీ ఆ తేడా పెద్దదిగా కనబడుతుంది, అంతే. ముక్కు లావుగా ఉందని సెల్ఫీలు చూసి బాధపడేవాళ్ళు ఒకసారి ఎవరిచేతనైనా గది అవతలి చివర నుంచి జూమ్ చేసి ఫొటో తీయించుకుని చూడాలి. ఖర్చు లేని పరీక్ష.

నమ్మదగిన ఫొటోలు చూడ్డానికి చప్పగా ఉంటాయి. ముందూ తర్వాతా ఒకే దూరం, ఒకే వెలుగు, నవ్వు లేని ముఖం. ఎదురుగా, రెండు పక్కల నుంచి, గడ్డం ఎత్తి కింది నుంచి తీసినవి. వాటి మీద తేదీ ఉండాలి. రైనోప్లాస్టీ, అంటే ముక్కు సరిచేసే ఆపరేషన్, చేశాక వాపు కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతుంది కానీ ముక్కు కొన దగ్గర పూర్తిగా దిగడానికి ఏడాది దాకా పడుతుంది. చర్మం మందంగా ఉంటే ఇంకా ఆలస్యం. మందపాటి దుప్పటి కింద ఉన్న వస్తువు అంచులు తెలియనట్టే, ఆ చర్మం కింద మృదులాస్థిని ఎంత సన్నగా చెక్కినా పైకి కనిపించేది కొంతే. ఈ మాట మొదటిరోజే చెప్పే సర్జన్ మీద నాకు నమ్మకం కలుగుతుంది. నెలరోజుల ఫొటో చూపించి ఇదే ఫలితం అనేవారి మీద కలగదు.

అసలు ఫొటోల కన్నా ముందు అడగాల్సింది వేరే ఉందని నా అభిప్రాయం. పని చెడితే ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఎంతసేపట్లో చేస్తారు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళకి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఇలాంటి పనులకి మనం ఎక్కువగా విశాఖపట్నమే వెళ్తాం. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచైతే చెప్పనక్కర్లేదు.

మా మరదలికి పెళ్ళి కుదిరాక ముక్కు దూలం మీద చిన్న పల్లం ఉందని టెన్షన్ పట్టుకుంది. కత్తి పెట్టకుండా ఫిల్లర్ ఇంజెక్షన్‌తో నింపేస్తారని ఎవరో చెప్పారు. తోడు రమ్మంటే విశాఖలో ఒక క్లినిక్‌కి వెళ్ళాం. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ట్యాబ్‌లో ఫొటోలు చూపించి, "పావుగంట పని మేడమ్, చేయించుకుని షాపింగ్‌కి వెళ్ళిపోవచ్చు" అంది. చేసే డాక్టరుగారెవరని అడిగితే, ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళంది. మీ దగ్గర హయలురానిడేజ్ ఉందాండీ అని నేనడిగాను. "ఆ బ్రాండ్ మేం వాడం సార్, మావన్నీ ఇంపోర్టెడ్" అని జవాబొచ్చింది. బయటికొచ్చాక మరదలు, "ఏటి బావా, విరుగుడు గురించి అడిగితే ఫిల్లరు పేరనుకుంది?" అని ఒకటే నవ్వు.

నవ్వాల్సిన విషయమేనా అంటే, కాదు. ఎక్కువగా వాడే ఫిల్లర్లు హయలురానిక్ ఆమ్లంతో చేసిన జెల్. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే కాబట్టి ఒంటికి పెద్దగా పడకపోవడం ఉండదు. ప్రమాదం జెల్‌తో కాదు, అది చేరే చోటుతో. సూది మొన పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే జెల్ అక్కడ అడ్డం పడుతుంది. ఆ నాళం నుంచి రక్తం అందాల్సిన చర్మం ముందు పాలిపోతుంది, తర్వాత వల అల్లినట్టు నీలి చారలు వస్తాయి, పట్టించుకోకపోతే నల్లబడి చచ్చిపోతుంది. ముక్కు మీద, కనుబొమల మధ్య ఉన్న నాళాలకి కంటికి రక్తం తెచ్చే ధమనితో లంకె ఉంది. ఒత్తి ఎక్కిస్తే జెల్ ఆ దారిలో వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి కంటి వెనక చూపునిచ్చే పొర, రెటీనా, నాళంలోకి జారి చూపు పోవచ్చు. ఇది అరుదు, కానీ ప్రపంచమంతటా నమోదైన ప్రమాదం. ముఖంలో అత్యంత జాగ్రత్త కావాల్సిన చోట్లలో ముక్కు ఒకటి.

హయలురానిడేజ్ ఆ జెల్‌ని కరిగించే ఎంజైమ్. చర్మానికి రక్తం ఆగినప్పుడు వెంటనే ఇస్తే చాలావరకు కాపాడుతుంది. కంటి విషయంలో దాని మీద అంత భరోసా లేదు, పైగా రక్తం అందని రెటీనా గంట, గంటన్నరకు మించి ఓర్చుకోలేదు. కాబట్టి మందు క్లినిక్ ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఇచ్చే మనిషి అక్కడే ఉండాలి. ఇంజెక్షన్ చేయించుకుని నేరుగా శ్రీకాకుళం బస్సెక్కిన మనిషికి తగరపువలస దాటాక ముక్కు పక్కన చర్మం పాలిపోయి నొప్పి మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ ఫోన్ ఎత్తేది డాక్టరా, ట్యాబ్ పట్టుకున్న అమ్మాయా? ఈ ఒక్క ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పలేని చోట పావుగంట పని కూడా చేయించుకోకూడదు.

కత్తి పడే ఆపరేషన్లలో ఇంకో చిక్కు ముఖ నాడి. చెవి ముందు నుంచి విసనకర్రలా ఐదు కొమ్మలుగా విడిపోయి, నుదురు ముడవడం నుంచి పెదవి వంచడం దాకా అన్నీ అదే చేయిస్తుంది. నుదుటికి వెళ్ళే కొమ్మ చెంప ఎముక మీదుగా చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. అది దెబ్బతింటే ఆ వైపు కనుబొమ లేవదు. దవడ అంచున పోయే కొమ్మ తెగితే నవ్వినప్పుడు కింది పెదవి ఒక పక్కే దిగుతుంది. ఫేస్‌లిఫ్ట్‌లో, అంటే జారిన ముఖాన్ని బిగించే ఆపరేషన్‌లో, చర్మం కింద కండర పొరను బిగించే పద్ధతికి 1976లో ఇద్దరు ఫ్రెంచి సర్జన్లు వేసిన శరీర నిర్మాణ పటమే ఆధారం. ఆ పొర కింద ఏ చోట నాడి ఎంత లోతులో ఉందో చేతికి తెలిసి ఉండాలి.

ఆ చేతి అలవాటు ఎలా వస్తుందో చెప్పడానికి మనదేశపు కథే ఒకటుంది. మైసూరు యుద్ధకాలంలో ముక్కు తెగిన కావస్‌జీ అనే బండివాడికి పూణె దగ్గర నుదుటి చర్మం తిప్పి కొత్త ముక్కు కట్టారు. ఆ వర్ణన 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల సర్జన్ 1814లో తన దేశంలో అదే పద్ధతి చేశాడు. పూణెలో చేసిన మనిషి ఇటుకలు చేసే కులంవాడని ఆ పత్రికే రాసింది. డిగ్రీ లేని ఆయనకి ఆ ఒక్క పనీ చేసి చేసి చేయి తిరిగింది. ఈ రోజుల్లో డిగ్రీ, చేయి తిరగడం, రెండూ కావాలి. మీరు నెలకి ఎన్ని ముక్కులు చేస్తారు, మళ్ళీ సరిచేయాల్సి వచ్చినవి ఎన్ని అని అడగడం అమర్యాద కాదు. మా దగ్గర ఒక్కటీ చెడలేదనే జవాబు వస్తే లేచి రావచ్చు.

డిగ్రీల సంగతి క్లుప్తంగా. ప్లాస్టిక్ సర్జన్ అంటే మామూలుగా ఎంబీబీఎస్, ఆ తర్వాత ఎంఎస్ మూడేళ్ళు, ఆపైన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ మూడేళ్ళు. ముక్కుకి ఈఎన్‌టీ సర్జన్లు, కంటి రెప్పలకి ఆక్యులోప్లాస్టీ నేర్చిన కంటి డాక్టర్లు, దవడకి దంతవైద్యంలో పీజీ అయిన ఎండీఎస్ చేసిన మాక్సిలోఫేషియల్ సర్జన్లు కూడా తగినవాళ్ళే, ఆ పనిలో శిక్షణ ఉంటే. కాస్మెటాలజిస్ట్ అని బోర్డు మీద రాసుకుంటే మాత్రం దాని వెనక ఏ డిగ్రీ ఉందో చూడాలి. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికితే దొరుకుతాయి. దంతవైద్యం చదివినవాళ్ళవి డెంటల్ కౌన్సిల్‌లో ఉంటాయి. ఆ కమిషనే 2022లో, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన ఇలాంటి పనులు మొదలుపెట్టడానికి చాలదని మార్గదర్శకాల్లో రాయాల్సి వచ్చింది. రాశారంటే అలా మొదలుపెట్టినవాళ్ళున్నారనే కదా.

మనం అడిగే ప్రశ్నలతో పాటు, వాళ్ళు మనల్ని ఏం అడుగుతారో కూడా గమనించాలి. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చినవాళ్ళని ఊరి పేరు అడిగి కిడ్నీ పరీక్ష రాయని సర్జన్‌కి మన ప్రాంతం తెలియదనే అర్థం. అక్కడ కారణం అంతుపట్టని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది, లక్షణాలు కనపడేసరికే చాలా నష్టం జరిగిపోతుంది. ఆపరేషన్ తర్వాత అలవాటుగా రాసే డైక్లోఫెనాక్‌లాంటి నొప్పి మాత్రలు అలాంటి కిడ్నీలకి చేటు. ఒక్క క్రియాటినిన్ పరీక్షతో జాగ్రత్తపడొచ్చు. వేరే మాత్ర రాస్తారు, అంతే.

పొగ గురించి కూడా అడగాలి. మన పల్లెల్లో కొందరు అమ్మమ్మలు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ముఖానికి సర్జరీ చేయించుకునే మనవడు సిగరెట్ తాగుతాడు. నికోటిన్ ఎలా లోపలికి వెళ్ళినా చర్మంలోని సన్నటి నాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఫేస్‌లిఫ్ట్‌లో పైకి లేపిన చర్మానికి ఆ నాళాలే ఆధారం. కనీసం నాలుగు వారాల ముందు మానేయమనేది అందుకే. రక్తం పలచబడే ఎకోస్ప్రిన్ మాత్ర వేసుకుంటున్నారా, గాయం మానాక మచ్చ ఉబ్బి పెరిగిన కీలాయిడ్ ఎవరికైనా ఉందా, చిన్న కాలిన గాయం కూడా నల్లగా మిగిలిపోతుందా, ఇవన్నీ అడగాలి. చామనఛాయ చర్మంలో గాయం తర్వాత నల్లమచ్చ మిగలడం ఎక్కువ. లేజర్ చేసేవారైతే ఇది అడగకుండా మిషను ఆన్ చేయకూడదు.

ఆపరేషన్ అయిన సాయంత్రమే ఇంటికి పంపేస్తామంటే వద్దనండి. ఫేస్‌లిఫ్ట్ తర్వాత చర్మం కింద రక్తం గడ్డకట్టడం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. ముక్కుకైతే పైన పెట్టిన పట్టీ వారం రోజులకి తీస్తారు. ఆ వారం విశాఖలో చుట్టాలింట్లో ఉండే వీలు చూసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోవడం మంచిది. పెళ్ళి ముహూర్తం రెండు నెలల్లో ఉందనగా ముక్కు ఆపరేషన్‌కి ఒప్పుకునే సర్జన్ కన్నా, పెళ్ళయ్యాక రండమ్మా అనే ఆయనే నయం. మా మరదలికి రెండోచోట ఒక సీనియర్ డాక్టరమ్మ చెప్పిందీ అదే. పల్లం గురించి ఎన్నాళ్ళ నుంచి బాధపడుతున్నావు, రోజుకి ఎన్నిసార్లు అద్దం చూసుకుంటావు అని కూడా అడిగింది. ఎవరికీ కనపడని లోపం గురించి రోజంతా కుమిలిపోయే మానసిక స్థితి ఒకటి ఉంటుందనీ, వాళ్ళకి ఎంత చక్కగా చేసినా తృప్తి ఉండదనీ, వాళ్ళని ముందు మానసిక వైద్యుల దగ్గరికి పంపుతామనీ వివరించింది. "నీకు అదేం లేదులే, ఊరికే కంగారు" అని నవ్వింది.

ఒప్పుకునే ముందు ఆవిడ ఒక కాగితం ఇచ్చి ఇంటికి తీసుకెళ్ళి చదవమంది. అందులో మత్తు ఇచ్చే డాక్టరు పేరు, రాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు, ఏడాది తర్వాత చిన్న సవరణ కావాల్సి వస్తే సర్జన్ ఫీజు తీసుకోరనీ, థియేటర్, మత్తు ఖర్చు మాత్రం పేషెంటుదేననీ రాసి ఉంది. మరదలు దాన్ని మా పెద్దలకి కూడా చదివి వినిపించింది. ఆపరేషన్ సంగతి పెళ్ళయ్యాక చూద్దామనుకున్నారు.