ఒక మెట్టు కింద నిలబడే మాస్టారు

పెద్దపాపకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగినదానికి జవాబు చెప్పేలోపే కరెంటు పోయింది, సిగ్నల్ కూడా పోయింది. అందుకే ఉత్తరం రాస్తున్నా. వాడి ప్రశ్న ఇది: "తాతా, సంక్రాంతి సెలవుల్లో గుల్మార్గ్ పోతున్నాం కదా. నాన్న యూట్యూబ్ చూసి స్కీయింగ్ నేర్చుకుంటున్నాడు. అక్కడ మాకు తనే నేర్పిస్తాడంట. ఇంక మాస్టారుకు డబ్బులు ఎందుకు?" వెనక నుంచి పెద్దపాప, "నేనైతే వీడితో కలిసి నేర్చుకోను" అని అరవడం కూడా వినబడింది.

పండక్కి ఊరికి రాకుండా మంచుకొండకు పోతున్నారని మీ అవ్వకు కోపం. నాకు లేదు. మిలిటరీలో ఉన్నప్పుడు నేనూ కశ్మీర్‌లోని అదే గుల్మార్గ్‌లో స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడుగు పలకలు, కట్టుకున్నవాణ్నే. జనరల్ తిమ్మయ్య 1948లో అక్కడ సైనికుల కోసం స్కీ స్కూలు పెట్టించాడు. ఇప్పుడు దాన్ని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అంటారు. కడప ఎండల్లో పెరిగి అక్కడ అడుగుపెట్టిన కొత్తలో నాకు చెవులున్నాయో లేదో కూడా తెలిసేది కాదు, తడుముకుని చూసుకునేవాణ్ని.

సరే, జవాబు. మీ నాన్న మీకు నేర్పకూడదు. ఎందుకో చెప్పాలంటే మన పాత కపిల బావి దాకా పోవాలి.

మీకు తెలిసింది కంపచెట్లు మొలిచిన గుంతే. నా చిన్నప్పుడు అందులో నిండా నీళ్లు. ఎద్దులు కపిల తోలుతుంటే తోలుబాన పైకొచ్చి కాలువలో బళ్లున పోసేది. ఒక పక్క రాతిమెట్లు. వేసవి వచ్చిందంటే ఊళ్లో మగపిల్లలమంతా అందులోనే. ఆడపిల్లలను రానిచ్చేవాళ్లు కాదు. అది తప్పే, పెద్దపాపా, ఇప్పుడు ఆ రోజులు పోయాయి. మా నాయన ఆ బావికి మొనగాడు. గట్టు మీద నుంచి దూకి, అడుగున బురద పిడికిట్లో పట్టుకుని పైకి తేలేవాడు. నాకు ఈత నేర్పే పని ఆయనే పెట్టుకున్నాడు. గట్టున నిలబడి "కాళ్లు కొట్టరా! చేతులు ఆడించరా!" అని కేకలు. ఆయన అరిచేకొద్దీ నా కాళ్లు బిగుసుకుపోయేవి. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. నేను మునుగుతానేమోనన్న భయం నాకంటే ఆయనకే ఎక్కువ. ఆ భయమే కోపమై బయటికొచ్చేది. కన్నవాళ్లు నేర్పితే వచ్చే చిక్కు అదే.

తర్వాత మా మేనమామ వచ్చాడు. ఆయనది ఓ మాదిరి ఈత. కానీ నీళ్లలోకి దిగి, నాకంటే ఒక మెట్టు కింద, నా వైపు తిరిగి నిలబడ్డాడు. నా నడుముకు ఎండిన సొరబుర్ర కట్టాడు. చెయ్యి చాపి "ఇక్కడి దాకా రా, చాలు" అన్నాడు. ఆ చెయ్యి జానెడు దూరంలో ఉండేది. నేను అందుకోగానే ఆయన ఇంకో మెట్టు దిగేవాడు. ఆ వేసవి పోయేసరికి నేనూ గట్టు మీద నుంచి దూకుతున్నా. సొరబుర్రకు ఏ గతి పట్టిందో గుర్తులేదు, బహుశా మేక నమిలేసి ఉంటుంది.

స్కీ మాస్టారును ఎంచుకునేటప్పుడు మీరు చూడాల్సింది కూడా అదే. కొత్తవాళ్లకు నేర్పడం తెలిసినవాడు వాలులో మీకంటే కింద ఉంటాడు. మీ వైపు ముఖం పెట్టి, తను వెనక్కి జారుతూ "నా దాకా రా" అంటాడు. మీరు జారిపోతే ఆయన చేతుల్లోకే పోతారు. వాలు పైన నిలబడి కేకలు వేసేవాడు, లేదా తన గొప్ప చూపించడానికి సర్రున కిందికి పోయి అక్కడి నుంచి చెయ్యి ఊపేవాడు, ఎన్ని పతకాలు గెలిచినా మొదటి మూడు రోజులకు మనకు పనికిరాడు.

ఆరిఫ్ ఖాన్‌కు వాళ్ల నాన్నే కదా నేర్పింది అని చిన్నోడు నన్ను పట్టుకుంటాడు, తెలుసు. గుల్మార్గ్ దగ్గర పుట్టిన ఆ అబ్బాయి 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి పోయిన ఒకే ఒక్క ఆటగాడు. జెయింట్ స్లాలమ్‌లో, అంటే పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ కిందికి జారే పోటీలో, 45వ స్థానంలో నిలిచాడు. వాళ్ల నాన్నకు అక్కడ స్కీ సామాన్ల అంగడి. నాలుగేళ్ల వయసులోనే కొడుకును స్కీల మీద నిలబెట్టాడట. నిజమే. కానీ ఆయన మంచులోనే పెరిగినవాడు. మీ నాన్న ఇంతవరకు మంచు చూసింది ఫ్రిజ్‌లోనే.

ఇక బావిలో సొరబుర్ర చేసిన పని మంచులో స్నోప్లౌ చేస్తుంది. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు ఎడంగా పెట్టి, లోపలి అంచులను మంచులోకి ఒత్తడమే స్నోప్లౌ. అంచులు గీరుకుని వేగం తగ్గుతుంది. ఇంకా ఒత్తితే ఆగిపోతారు. ఆగడం రానిదే జారడం నేర్పే మాస్టారు మాస్టారే కాదు. మొదటి రోజు మంచివాడు ఏం చేయిస్తాడో చెప్తా. చదునైన చోట బూట్లతో నడిపిస్తాడు. ఒక కాలికే స్కీ కట్టి తిప్పుతాడు. కావాలనే పడమని, లేవడం నేర్పిస్తాడు. వెనక్కి కూలబడకుండా పక్కకు తుంటి మీద పడాలి. లేచేముందు స్కీలను వాలుకు అడ్డంగా, ఒంటికి కిందివైపున పెట్టుకోవాలి. లేకపోతే లేస్తూ లేస్తూనే మళ్లీ జారిపోతారు. చిన్నపిల్లలకు మొదట్లో చేతికర్రలు కూడా ఇవ్వరు. "డబ్బులు తీసుకుని ఒట్టి నడకే నేర్పాడు" అని మీ నాన్న గొణిగితే గొణగనివ్వండి.

బావికి మెట్లున్నట్టే గుల్మార్గ్‌కూ ఉన్నాయి. మన కడప సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తు. గుల్మార్గ్ ఊరే దాదాపు 2,650 మీటర్లు. అక్కడి పచ్చికమైదానం పక్కన చిన్న చిన్న వాలులున్నాయి. మీ చోటు అదే. గొండోలా అనే తీగల బండి మొదటి మజిలీ కొంగ్‌డూరి, రెండోది అఫర్వత్ కొండ మీద, 3,900 మీటర్ల పైన. అక్కడి నుంచి జారేవాళ్లు మా గట్టు మీది నుంచి దూకిన మొనగాళ్లన్నమాట. రెండో రోజే పైకి తీసుకుపోతానని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొండ చూడాలనుంటే మామూలు బూట్లతో గొండోలాలో పోయి గొండోలాలోనే దిగండి. చేరిన రోజు ఏ పాఠమూ వద్దు. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలి. నీళ్లు తాగుతూ ఊరికే తిరగండి.

ఇంతవరకు మీ అవ్వకు చదివి వినిపించాను. "మంచులో సొరబుర్ర ఏందయ్యా, బావిలో అయితే కాళ్లు ఆడించకపోతే మునుగుతాడు, మంచులో ఏమీ చేయకపోతే కిందికి పోతాడు, రెండూ ఒకటెట్లా అవుతాయి" అంది. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా బావిని వదలబుద్ధి కావడం లేదు.

పెద్దపాప మాటకొస్తా. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒక మాస్టారు దగ్గరే, కానీ అమ్మ, నాన్న చెరో మాస్టారు దగ్గర. నా సలహా ఇది. మొదటి గంట నలుగురూ కలిసి బూట్లు వేసుకోండి, నిలబడండి, పడండి, నవ్వుకోండి. తర్వాత విడిపోండి. పిల్లలు పడ్డప్పుడు తల్లి కేక వేస్తుంది. ఆ కేక విన్న పిల్లలు ఇంకోసారి పడతారు. పైగా మీ అమ్మ "నేను హోటల్లోనే కూర్చుంటాలే" అంటోందని విన్నా. అది భయం. ఆమెకు మీ నాన్న పక్కన లేని మాస్టారు దొరికితే ఆమే మీ అందరికంటే ముందు నేర్చుకుంటుందని నా నమ్మకం. నాన్న పడితే మాత్రం ఆయన నవ్వేదాకా మీరు నవ్వొద్దు.

బృందంగా నేర్పే పాఠాలు చౌక. ఒక మాస్టారుకు ఐదారుగురు మించితే మాత్రం మీ వంతు వచ్చేసరికి కాళ్లు గడ్డకడతాయి. సర్కారు సంస్థల కోర్సులు మంచివే. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల సంస్థ ఉంది. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7, 14 రోజుల కోర్సులు పెడుతుంది. కానీ వాటి తేదీలు మన సెలవులకు కలవాలి, వయసు నిబంధనలు చూసుకోవాలి. మీకున్న సెలవులకు మూడు రోజులు, పూటకు రెండు గంటల చొప్పున, అదే మాస్టారు దగ్గర చాలు. మాస్టారు రోజుకొకరు మారితే మళ్లీ మొదటి మెట్టు నుంచే. కారు దిగగానే చుట్టూ చేరి "నేను నేర్పిస్తా, నేను నేర్పిస్తా" అంటారు. వాళ్లలో నిజంగా మంచివాళ్లూ ఉంటారు. అయినా రోడ్డు మీద నిలబడి తేల్చుకోవద్దు. సాయంత్రం ఆ చిన్న వాలు దగ్గరికి పోయి, ఎవరు ఎక్కడ నిలబడి నేర్పుతున్నారో అరగంట చూడండి.

ముందుగా మాట్లాడుకునేటట్టయితే ఫోన్ చేసే పని పెద్దపాపది. అక్కడి మాస్టార్లకు ఉర్దూ, హిందీ వస్తాయి. మీ నాన్న హిందీ మాట్లాడితే అవతలివాళ్లకు టెన్షన్. నువ్వు కడప వీధిలో ఆడుకుంటూ ఉర్దూ నేర్చుకున్నావు, అది ఇప్పుడు పనికొస్తుంది. మీ అమ్మకు అర్థం కాకపోతే నువ్వే దుబాసీ. అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. మీ దగ్గర ఒకసారికి ఎంతమంది? ఇంత వయసు పిల్లలకు ముందెప్పుడైనా నేర్పారా? బూట్లు, స్కీలు, హెల్మెట్ అద్దె ఇందులోనేనా? మంచు పడకపోతే డబ్బులు వెనక్కి ఇస్తారా? ఈ చివరిది మర్చిపోవద్దు. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజులను చిల్లై కలాన్ అంటారు, చలి ముదిరే కాలం. మన సంక్రాంతి దాని మధ్యలోనే పడుతుంది. అయినా 2024లో జనవరి నెలాఖరు దాకా గుల్మార్గ్‌లో సరైన మంచే పడలేదు. మబ్బును నమ్ముకున్న బతుకు మనకు కొత్త కాదు, అడిగి పెట్టుకోవడంలో తప్పులేదు. ఒకసారి ఒప్పుకున్నాక గీచి గీచి బేరమాడొద్దు. చలిలో నిలబడి మీ చేతులు పట్టుకునే మనిషి అతను.

అద్దె అంగట్లో మీ బరువు అడుగుతారు. నిజం చెప్పండి, మీ అమ్మతో కూడా నిజమే చెప్పించండి. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును బరువు, ఎత్తు, వయసు చూసి సరిచేస్తారు. పడ్డప్పుడు అది ఊడి రావాలి. ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. ఐదు కిలోలు తగ్గించి చెప్పుకుంటే అందం పెరగదు, లెక్క తప్పుతుంది. బూటు బిగుతుగా ఉండాలి, మడమ లేవకూడదు, బొటనవేలు మాత్రం కదలాలి. చలి అని రెండు జతల మేజోళ్లు వేసుకోవద్దు. అవి ముడతలు పడి ఒరుసుకుంటాయి. కళ్లద్దాలు తప్పనిసరి. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. మే నెల కడప ఎండ నెత్తి మీద కొడుతుంది, అక్కడి ఎండ గడ్డం కింద కూడా కొడుతుంది.

ఇంకోటి. మీ ముందు, మీకంటే కింద ఉన్నవాడిదే దారి. వెనక నుంచి వచ్చేవాడే తప్పుకోవాలి. ప్రపంచమంతా స్కీ వాలుల్లో ఇదే నియమం. మన ఆటోవాళ్లకు కూడా ఎవరైనా చెప్తే బాగుండు.

మంచు అసలెందుకు జారుతుందని చిన్నోడు అడక్కుండా ఉండడు. 1850లో మైఖేల్ ఫారడే రెండు మంచుగడ్డలు ఆనిస్తే అతుక్కుపోవడం గమనించి, వాటి పైన కంటికి కనబడని సన్నటి నీటిపొర ఉంటుందన్నాడు. ఆ పొర ఎట్లా వస్తుందో, అదెట్లా పనిచేస్తుందో పెద్దపెద్ద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాళ్ల మధ్యలో నేను దూరను. నువ్వు పొద్దున పాఠానికి ముందు చేతితొడుగు తీసి పిడికెడు మంచు తీసుకో. గట్టిగా నొక్కు. ఉండ అయితే అది తడిమంచు. పిండిలా రాలిపోతే పొడిమంచు. మధ్యాహ్నం ఎండ తగిలాక అదే చోట మళ్లీ నొక్కి చూడు. ఏ మంచు మీద స్నోప్లౌ తేలిగ్గా పట్టిందో రాసిపెట్టుకో, నాకు చెప్పాలి. మూడో రోజు పాఠం ఏ గంటకు పెట్టుకోవాలో మాస్టారుతో మాట్లాడేటప్పుడు ఆ రాసింది చూపించు.

మీ తాత

తా.క. అవ్వ కోపం తగ్గినట్టే ఉంది, చెనిక్కాయ ఉండలు కడుతోంది. బస్సులో పంపిస్తా. చలిలో జేబులో పెట్టుకోండి, మాస్టారుకు కూడా రెండివ్వండి.