కొండ మీద వేసవి తోట: అపోహలు - వాస్తవాలు

అరకు దగ్గర కొండవాలులో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇది ఏడో వేసవి. కూరగాయల నారు పెంచి సంతలో అమ్ముతాను, మిగిలినది నా పెరట్లో నాటుకుంటాను. మార్చి దాటిందంటే చాలు, విశాఖ నుంచి చుట్టాలూ వాళ్ళ స్నేహితులూ దిగుతారు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ఏటా అవే మాటలు అంటారు. ఈసారి జవాబులు రాసి పెట్టుకుంటే నోటికి కాస్త విశ్రాంతి అనిపించింది.

అపోహ: కొండ మీద చల్లగా ఉంటుంది, మొక్కలకు నీళ్ళ బెంగ ఉండదు.

వాస్తవం: రాత్రులు చల్లగానే ఉంటాయి, దుప్పటి లేకుండా పడుకోలేం. మధ్యాహ్నం సంగతి వేరు. విశాఖలో చెమట పట్టించే సముద్రపు తేమ మాకు లేదు. ఏప్రిల్‌లో ఇక్కడ వీచేది పొడిగాలి, అది ఆకుల్లోని తడిని లాగేస్తుంది. పైగా ఇది వాలు నేల. బకెట్ నీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే ముప్పావు వంతు కింద గట్టు దాకా జారిపోతాయి. మొదటి ఏడాది నేను చేసింది అదే. పైన తడి కనిపించింది కదా అని లోపలికెళ్ళాను. వారం తర్వాత వంగ మొక్క పీకి చూస్తే వేళ్ళ దగ్గర మట్టి పిండిలా ఉంది.

ఇప్పుడు వాలుకు అడ్డంగా చిన్న చిన్న కాలవలు తీసి, ప్రతి పాదుకూ కిందివైపు మట్టితో అర్ధచంద్రంలా కట్ట వేస్తాను. చెంబుతో పోసి, అది ఇంకాక మళ్ళీ పోస్తాను. పైన సిల్వర్ ఓక్ ఎండాకులు నాలుగు వేళ్ళ మందాన పరుస్తాను, కాండానికి మాత్రం ఆనించను. కాఫీ తోటల నీడ కోసం పెంచే చెట్లు కాబట్టి ఆ ఆకులకు ఇక్కడ కరువు లేదు. వేలు రెండు కణుపుల దాకా దించితే చల్లగా తగిలిందా, ఆ రోజుకు నీళ్ళు అక్కర్లేదు.

నీళ్ళ లెక్క కూడా చెప్పాలి. పైనున్న ఊట నుంచి పైపులో నీళ్ళు వస్తాయి. ఉగాదినాటికి రెండు నిమిషాల్లో నిండే బిందె మే ఆఖరుకి తొమ్మిది నిమిషాలు తీసుకుంటుంది. అందుకే బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు అన్నీ ఆనపపాదుకే. "ఒక్కదానివే కదా, బోలెడంత టైము" అంటారు. ఆ టైమంతా బిందె దగ్గర నిలబడటానికే సరిపోతుంది.

అపోహ: మధ్యాహ్నం నీళ్ళు పోస్తే చుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకులు కాలిపోతాయి.

వాస్తవం: 2010లో హంగేరీ పరిశోధకులు ఈ సంగతి పరీక్షించి చూశారు. నున్నటి ఆకుల మీద నీటిచుక్కలు కాల్చవు, నూగున్న ఆకుల విషయంలోనే ఆ అవకాశం ఉందన్నారు. నేనూ మిట్టమధ్యాహ్నం పొయ్యను కానీ కారణం వేరు. ఆవిరైపోయేదానికి అంత కష్టపడి మోయడం ఎందుకు? గుమ్మడి ఆకులు రెండింటికి వాలిపోతే కంగారుపడకండి, సాయంత్రానికి అవే లేస్తాయి. సాయంత్రం కూడా లేవకపోతే అప్పుడు చూద్దాం.

అపోహ: అడవి మట్టి, ఏం వేసినా పండుతుంది.

వాస్తవం: నల్లటి సారం పైన పలచటి పొరగానే ఉంటుంది. దాని కింద అంతా ఎర్రమట్టి, పులుపు గుణం ఎక్కువ. వాలును బోడిగా వదిలితే గట్టి వాన ఒక్కటి చాలు, ఆ పొర గెడ్డలో, అంటే వాగులో, కలుస్తుంది. పశువుల ఎరువు తప్పదు. కట్టెల పొయ్యి బూడిద పులుపును కొంత తగ్గిస్తుంది, కానీ గుప్పెడు చాలు, తట్టెడు వద్దు. టమాటా అడుగు నల్లబడితే తెగులని మందు కొట్టేవాళ్ళున్నారు. చాలాసార్లు అది కాయకు కాల్షియం అందకపోవడం వల్ల వస్తుంది. ఒకరోజు ముంచెత్తి నాలుగు రోజులు మర్చిపోతే అలాగే అవుతుంది.

అపోహ: లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుతోందంటే వేసవిలో కాలీఫ్లవర్ కూడా పండుతుంది.

వాస్తవం: అక్కడ స్ట్రాబెర్రీ చలికాలపు పంట, వేసవికి అది లెక్క కాదు. మే నెలలో నాకు బెండ, బీర, ఆనప, బొబ్బర్లు, తోటకూర చాలు.

అపోహ: మొదటి వాన పడగానే గింజలు వేసెయ్యాలి.

వాస్తవం: రెండో ఏడాది ఏప్రిల్ మొదట్లో ఉరుముల వాన పడితే సంబరంగా రెండు చాళ్ళు చిక్కుడు గింజలు పెట్టాను. దారిన పోతున్న పక్క గూడెం పెద్దావిడ ఆగింది. "ఇటుకల పండగ కాకుండానే వేసేశావా అమ్మా?" అంది. ఇక్కడి ఆదివాసీలు చైత్రంలో ఆ పండగ చేసి, విత్తనాలకు పూజ జరిగాకే విత్తడం మొదలుపెడతారు. నేను నవ్వి ఊరుకున్నాను. మొలకలు బెత్తెడు లేచాయి. ఆ తర్వాత మూడు వారాలు చుక్క లేదు. పూజ సంగతి ఎలా ఉన్నా, ఆ ఆగడంలో లెక్క ఉంది. వేసవి జల్లు వేరు, జూన్‌లో దిగే ముసురు వేరు. ఆ మధ్యలో పడేది వాన ఒక్కటే కాదు, వడగళ్ళు కూడా. నారుమడి మీద వెదురు తడిక దించడానికి నాకు దొరికేది ఐదు నిమిషాలు. ఉరుము దగ్గరైతే మాత్రం నారు పోయినా సరే, లోపలికి వెళ్ళిపోతాను.

అపోహ: ఇంటి చుట్టూ వెల్లుల్లి నాటితే పాములు రావు.

వాస్తవం: పాము ఎలుక కోసం వస్తుంది, కప్ప కోసం వస్తుంది. వెల్లుల్లి దానికి అడ్డం కాదు. ధాన్యం మూతబెట్టడం, కట్టెలు గోడకు దూరంగా పేర్చడం, రాత్రి టార్చి లేకుండా గుమ్మం దాటకపోవడం, మంచం మీద దోమతెర అంచులు పరుపు కిందకి దోపి పడుకోవడం, ఇవీ నేను చేసేవి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు. కట్టు కట్టొద్దు, కోయొద్దు, కదలకుండా ఉండి ఆసుపత్రికి చేరాలి. ఒంటరిగా ఉండేవాళ్ళు పాము విషానికి మందు ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోవాలి. ఫోన్ సిగ్నల్ పెరట్లో ఏ మూల అందుతుందో కూడా తెలిసి ఉండాలి. నాకు పనస చెట్టు కింద అందుతుంది.

అపోహ: తోట ఉంటే ఏదీ కొనక్కర్లేదు.

వాస్తవం: ఉప్పు, నూనె, బియ్యం, ఉల్లిపాయలు సంతలోనే. అసలు ఇబ్బంది ఎక్కువ పండటంతో వస్తుంది. ఒక వారం ఇరవై దోసకాయలు వచ్చాయి, తినే నోరు ఒక్కటే. పప్పులో దోస, పచ్చడిలో దోస, చివరికి బస్సు కండక్టరు చేతిలోనూ దోస. ఒక మనిషికి టమాటా నాలుగు మొక్కలు, వంగ రెండు, మిరప మూడు, బీరపాదు ఒకటి చాలు. బెండ గింజలు పదేసి చొప్పున రెండు వారాలకోసారి పెడతాను. అయినా మొన్న పందిట్లో ఆకుల చాటున దాక్కున్న రెండు బీరకాయలు ముదిరిపోయాయి. నాటు రకమే కాబట్టి గింజలు విత్తనానికి దాచుకోవచ్చు, బాధ లేదు. ఒకదాని పీచు గిన్నెలు తోముకోడానికి పెట్టుకున్నాను. రెండోది ఇంకా చూరుకు వేలాడుతోంది, ఊపితే గింజలు గలగలమంటున్నాయి.