ఎడిటర్ మార్పులు చెప్తే నవల రిజెక్ట్ అయినట్టేనా? కొత్త నవలాకారుల అపోహలు - వాస్తవాలు

నవలల ఎడిటింగ్ నా పని కాబట్టి వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, "మేడమ్, ఇన్ని మార్పులు చెప్పారంటే నా నవల నచ్చలేదనేగా?" కాదండీ, కానే కాదు. నచ్చని రాతప్రతికి రెండు లైన్ల మెయిల్ వస్తుంది, లేదా అసలేమీ రాదు. నాలుగు పేజీల నోట్సు వచ్చిందంటే ఎవరో మీ నవలని మళ్ళీ మళ్ళీ చదివారనే లెక్క. ఇది తెలీక మనసు కష్టపెట్టుకుని మంచి నవలల్ని మధ్యలో వదిలేసినవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ సంగతే చూడండి. 1957లో ఆవిడ లిపిన్‌కాట్ అనే ప్రచురణ సంస్థకి ఇచ్చిన రాతప్రతిలో కథానాయిక పెద్దదైపోయి న్యూయార్క్ నుంచి సొంతూరొచ్చిన మనిషి. ఎడిటర్ టే హోహాఫ్‌కి మాత్రం అందులో చిన్నప్పటి జ్ఞాపకాలే బాగా పట్టేశాయి, ఆ చిన్నపిల్ల వైపు నుంచే చెప్పమంది, అంటే ఉన్న నవల పక్కనపెట్టి మళ్ళీ మొదట్నుంచి అన్నమాట. రెండేళ్ళకు పైగా కూర్చుని తిరగరాస్తే 1960లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి.

అలాగని ఎడిటర్ చెప్పిందల్లా చెయ్యక్కర్లేదు. ఆమధ్య ఒకబ్బాయి నవల మార్జిన్‌లో "నాయనమ్మ ఊరొదిలి ఎందుకెళ్ళింది? చెప్పనప్పుడు ఆవిడ అవసరమా?" అని రాశా. కొన్నాళ్ళు ఫోనెత్తలేదు పాపం. తర్వాత ఆవిడని తియ్యకుండా, ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతూ తాళంచెవి కోడలికిచ్చే సీన్ ఒకటి కొత్తగా రాసి పంపాడు. ఇప్పుడు నవల మొత్తానికీ అదే ప్రాణం. ఎక్కడ అతుకు ఊడిందో మేం చూపిస్తాం, ఎలా కుట్టాలో మీ ఇష్టం.

ఇక కథ కొట్టేస్తారన్న పుకారు, దయచేసి ఆపండి. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, మన దేశపు 1957 కాపీరైట్ చట్టంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరేం కాదు. మెయిల్లో పంపితే తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. ఎడిట్ చేసినంత మాత్రాన హక్కుల్లో మాకు వాటా రాదు.

భయపడాల్సింది పబ్లిషర్‌తో చేసుకునే అగ్రిమెంటు దగ్గర. హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు వెయ్యకపోతే చట్టం 5 ఏళ్ళుగా లెక్కేస్తుంది, కానీ "శాశ్వతంగా" అని ఉన్నా చదవకుండా సంతకం పెట్టేస్తున్నారు, అడిగితే పుస్తకం వెయ్యరేమోనని. మొదటి పుస్తకం కదా, ఆ బెంగ నాకు అర్థమవుతుంది, కానీ గడువు అంకెల్లో రాయమన్నందుకు నవల వెనక్కొచ్చిన సందర్భం నేనైతే చూళ్ళేదు.