కంటి గాయానికి నొప్పి కొలమానం కాదు

కంట్లో నలక పడితే మనిషి నిలవలేడు. కన్ను ఎర్రబడుతుంది, నీరు ధారగా కారుతుంది, రెప్ప తెరవాలంటే భయమేస్తుంది. ఇంత బాధకూ కారణం కంటికి ముందున్న పారదర్శకమైన పొర, కార్నియా. మధ్యభాగంలో దాని మందం సుమారు 0.5 మిల్లీమీటర్లే, అందులో రక్తనాళాలు ఉండవు గానీ నాడుల కొసలు మాత్రం ఎంతో దట్టంగా అల్లుకొని ఉంటాయి. అందుకే దాని పైపొర కాస్త గీసుకుపోయినా ప్రాణం విలవిలలాడుతుంది. ఆ గీత సాధారణంగా రెండు మూడు రోజుల్లో మానిపోతుంది. చూపును కబళించే గాయాలలో కొన్ని మాత్రం మొదట్లో అంతగా నొప్పి పెట్టవు. ఇళ్లలో జరిగే కంటి ప్రమాదాలను మనం తప్పుగా అంచనా వేయడానికి ఈ తిరకాసే ముఖ్యకారణమని నాకనిపిస్తుంది.

గోడకు మేకు కొట్టడాన్నే తీసుకోండి. ఉక్కు మీద ఉక్కు బలంగా తగిలినప్పుడు ఒక్కోసారి అంచు నుంచి ఇసుక రేణువంత ముక్క చిట్లి ఎగురుతుంది. రెప్ప మూతపడడానికి సెకనులో సుమారు పదోవంతు పడుతుంది. ఆ లోపే ముక్క కంటిగుడ్డులోకి దూసుకుపోగలదు. అది చేసిన రంధ్రం ఎంత సన్నగా ఉంటుందంటే, దానంతటదే మూసుకుపోవచ్చు. ఏదో తగిలినట్లయింది, పోయింది అనుకొని మనిషి పనిలో పడిపోతాడు. లోపల మిగిలిన ఇనుము మాత్రం క్రమంగా కరుగుతూ, కంటి వెనుక భాగంలో వెలుగును గ్రహించే పొర అయిన రెటీనాను దెబ్బతీస్తుంది. అలాంటి అనుమానం ఉన్నప్పుడు సుత్తి పని చేస్తుండగా తగిలిందని వైద్యునికి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఎంఆర్ఐ యంత్రంలోని అయస్కాంతం ఆ ముక్కను కదిలించి గాయాన్ని పెంచగలదు.

చూపు కోసం పెట్టుకునే మామూలు కళ్లజోడు ఇక్కడ సరిపోదు. దాని పక్కలు తెరిచి ఉంటాయి, అద్దమే పగిలి కంట్లో గుచ్చుకోవచ్చు. పక్కలకు కూడా అడ్డున్న, పాలికార్బొనేట్ అనే సులువుగా పగలని ప్లాస్టిక్‌తో చేసిన రక్షణ కళ్లద్దాలు కావాలి. వాటిని ఎక్కడో అలమరలో కాకుండా డ్రిల్లు, సుత్తి ఉండే పెట్టెలోనే ఉంచితే, రెండు మేకులకు ఇంత హడావుడి ఎందుకన్న బద్ధకం కొంత తగ్గుతుంది. స్టూలు పట్టుకొని తలెత్తి చూసే వ్యక్తికి కూడా ఒక జత ఉండాలి. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

రసాయనాల విషయంలో ఆమ్లం కన్నా క్షారానికే ఎక్కువ భయపడాలి. ఆమ్లం సాధారణంగా కంటి పైపొరలోని ప్రోటీన్లను, తెల్లసొన ఉడికినట్లు, గడ్డకట్టిస్తుంది. ఆ గడ్డే అది మరీ లోపలికి దిగకుండా కొంత అడ్డుపడుతుంది. క్షారం అలా ఆగదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోతుకు దిగిపోతుంది. తడి సున్నం, సిమెంటు, కాలువగొట్టాలు శుభ్రం చేసే కాస్టిక్ సోడా ఈ కోవలోనివే. వీటిని ముఖం ఎత్తులోని అరలో పెట్టడం, సీసా మూతను కళ్ల దగ్గర పట్టుకొని తిప్పడం, స్ప్రే ముక్కు ఎటు తిరిగి ఉందో చూడకుండా నొక్కడం చాలా ప్రమాదాలకు మూలం.

పడితే మాత్రం ఆసుపత్రికి బయలుదేరడానికి ముందే కడగాలి. గాయపడిన కన్ను కిందివైపు ఉండేలా తల వంచి, రెప్పలను వేళ్లతో విడదీసి పట్టుకొని, శుభ్రమైన మంచినీటిని కనీసం 15 నుంచి 20 నిమిషాలు ఆగకుండా పారించాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయాలి. సున్నం పలుకులు పైరెప్ప కింద దాక్కుంటాయి కనుక అక్కడికీ నీరు చేరాలి. క్షారానికి విరుగుడంటూ నిమ్మరసమో వెనిగరో పోయకూడదు.

మొక్కలు కత్తిరించేటప్పుడు కొమ్మ గీసుకుంటే గాయం చిన్నదే కావచ్చు, కానీ దానితో పాటు బూజు జాతి సూక్ష్మజీవులు లోపలికి చేరవచ్చు. అప్పుడు ఇంట్లో మిగిలిపోయిన స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తాత్కాలికంగా తగ్గి, ఇన్ఫెక్షన్ లోలోపల పెరుగుతుంది. కంట్లో ఏదైనా గుచ్చుకొని ఉంటే దాన్ని లాగకూడదు. ఒత్తిడి పడకుండా పైన కాగితపు కప్పు బోర్లించి వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

దెబ్బ తగిలాక నొప్పి లేదని ఊరుకోకుండా, బాగున్న కంటిని అరచేత్తో కప్పి, దెబ్బ తగిలిన కంటితో గోడ మీది క్యాలెండరులో అంకెలు చదివి చూడాలి. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు ఒక కంటి లోపాన్ని రెండోది కప్పిపుచ్చుతుంది. అంకెలు మసకబారినా, కంటిపాప గుండ్రదనం పోయి ఒక పక్కకు లాగినట్లు కనిపించినా, నల్లగుడ్డు అడుగున రక్తపు చార తేలినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే కంటి వైద్యుని చూడాలి.