అల్లం ఫ్యాక్టరీలో వాసనది ఒక దారి, ఘాటుది ఇంకో దారి

అల్లం కొరికితే వాసన, ఘాటు ఒక్కసారే తగులుతాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. అవి వేర్వేరు పదార్థాలని పుస్తకంలో చదివినా అంతగా నమ్మబుద్ధి కాదు. అల్లం ఫ్యాక్టరీలో నూనె తీసే చోట నిలబడితే మాత్రం నమ్మక తప్పదు. అక్కడ శొంఠి పొడిలోంచి ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లబరుస్తారు. నీళ్ల మీద లేత పసుపు నూనె పలచగా తేలుతుంది. వాసన గుప్పుమంటుంది. ఘాటు మాత్రం ఆ నూనెలో దాదాపు ఉండదు!

వాసననిచ్చే జింజిబెరీన్ లాంటి పదార్థాలు తేలిగ్గా ఆవిరితో పాటు లేచిపోతాయి. ఘాటునిచ్చే జింజెరాల్ బరువైన అణువు, ఆవిరితో పైకి రాకుండా పొడిలోనే ఉండిపోతుంది. దాన్ని కూడా రాబట్టాలంటే పొడిని అసిటోన్ లాంటి ద్రావకంలో నానబెట్టాలి. ఆ తర్వాత ద్రావకాన్ని ఆవిరి చేసేస్తే ముదురు గోధుమ రంగులో, జిగురుగా ఓలియోరెసిన్ మిగులుతుంది. ఇందులో వాసనా ఉంటుంది, ఘాటూ ఉంటుంది. నూనె ఎక్కువగా పానీయాలకు, సబ్బులకు, సెంట్లకు వెళుతుంది. ఓలియోరెసిన్ బిస్కెట్లు, మసాలాల తయారీకి వెళుతుంది.

ఫ్యాక్టరీకి వచ్చే సరుకంతా ఒకే వయసుది కాదు. అల్లం వేరు కాదు, నేలలో అడ్డంగా పాకే కాండం. ముదిరేకొద్దీ దాంట్లో పీచు పెరుగుతుంది. అందుకే పంచదార పాకంలో వేసే అల్లాన్ని ఐదారు నెలలకే, లేతగా ఉండగానే తవ్వేస్తారు. శొంఠికి, నూనెకు అయితే ఎనిమిది, తొమ్మిది నెలలు ఆగాలి. తొక్క తీసేటప్పుడు కూడా లోతుగా చెక్కరు, పైపైన గీకుతారు. నూనె కణాలు ఎక్కువగా తొక్కకు ఆనుకునే ఉంటాయి మరి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఎండబెట్టే దశ. పచ్చి అల్లంలో సుమారు 80 శాతం నీళ్లే. ఎండితే నీళ్లు పోయి అల్లం మిగులుతుంది, అంతే కదా అనుకుంటాం. కానీ అణువు స్థాయిలో ఇంకో మార్పు కూడా జరుగుతుంది. జింజెరాల్ అణువుల్లో కొన్ని ఒక్కో నీటి అణువును వదిలేసి షోగాల్‌గా మారతాయి. షోగాల్ ఘాటు జింజెరాల్ కంటే దాదాపు రెట్టింపు. శొంఠి అంత చురుక్కుమనడానికి ఇదో ముఖ్య కారణం. అదే అల్లాన్ని ఉడికిస్తే జింజెరాల్‌లో కొంత జింజెరోన్ అవుతుంది, ఘాటు తగ్గి కాస్త తియ్యటి వాసన వస్తుంది. పచ్చిది, ఎండినది, ఉడికినది, ఈ మూడింటినీ మూడు వేర్వేరు దినుసులుగా చూడటమే సరైనదని నాకనిపిస్తుంది.

అసలు ఘాటు రుచే కాదు. నోటి నరాల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. దాని పని వేడిని పసిగట్టడం. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తెరుచుకుని మెదడుకు 'కాలుతోంది' అని కబురు పంపుతుంది. జింజెరాల్, షోగాల్, మిరపలోని క్యాప్సైసిన్ కూడా తాళంచెవుల్లా దాన్నే తెరుస్తాయి. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

పాకం గదిలో ఓపికే అసలు పని. ఉడికించిన ముక్కల్ని ఒకేసారి చిక్కటి పాకంలో వేస్తే ఆస్మాసిస్ వల్ల లోపలి నీరు బయటికి లాగేసుకుపోయి ముక్కలు ముడుచుకుపోతాయి. అందుకని పలచటి పాకంతో మొదలుపెట్టి మెల్లమెల్లగా చిక్కబరుస్తారు.

ఇక మందుగా అల్లం సంగతి. అల్లం అన్ని రోగాలకూ పనిచేస్తుందని చెప్పేవాళ్లను నమ్మకండి. గట్టి ఆధారాలు ఉన్నది ముఖ్యంగా కడుపులో వికారానికి. 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, ప్రయాణంలో కడుపు తిప్పే మనుషుల్ని గిర్రున తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. అలవాటుగా వాడే మాత్ర వేసుకున్నవాళ్ల కంటే శొంఠి పొడి నింపిన క్యాప్సూల్స్ మింగినవాళ్లు ఎక్కువసేపు తట్టుకున్నారు. ప్రయాణపు వికారం మీద తర్వాతి పరీక్షలన్నీ ఇదే ఫలితం ఇవ్వలేదు. గర్భిణుల వికారం విషయంలో మాత్రం ఆధారాలు మెరుగ్గా ఉన్నాయి. సెరొటోనిన్ అనే శరీర రసాయనం పంపే, వికారాన్ని రేపే సంకేతాల్లో కొన్నిటిని జింజెరాల్, షోగాల్ అడ్డుకోవడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. గర్భిణులైనా, రక్తం పలచబడే మందులు వాడేవారైనా మందు మోతాదులో తీసుకునే ముందు డాక్టర్ని అడగాలి.

ఈ పరీక్షల్లో చాలావాటిలో వాడింది కొలిచి ఇచ్చిన శొంఠి పొడి, తరచూ రోజుకు ఒక గ్రాము దరిదాపుల్లో. అల్లం ఫ్లేవర్ అని రాసిన పానీయంలో ఆవిరితో తీసిన నూనె మాత్రమే ఉంటే, అందులో అల్లం వాసన ఎంత బాగా వచ్చినా జింజెరాల్ దాదాపు ఉండనట్టే. వికారం తగ్గుతుందని దాన్ని కొనేవాళ్లు ముందు సీసా వెనక పదార్థాల జాబితా చదవాలి.