కొత్తగా తెచ్చుకున్న పిల్లిని మొదటిసారి బయటికి వదలడం: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, శుక్రవారం తెచ్చుకున్న పిల్లి పొద్దున తలుపు తీయగానే వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా రాలేదు."

గుంటూరులో పెంపుడు జంతువుల క్లినిక్ పెట్టి పదకొండేళ్ళు అవుతోంది. ఆదివారం సాయంత్రం ఇలాంటి ఫోన్ వస్తే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. ఆ పిల్లిని వాళ్ళు ఇష్టపడే తెచ్చుకుని ఉంటారు. షెల్టర్ నుంచో, చుట్టాల ఇంటి నుంచో, వానలో తడుస్తుంటే చూడలేక వీధిలోంచో. రెండ్రోజులు లోపల ఉంచి, "పాపం, బందీలా ఎన్నాళ్ళుంచుతాం, కాసేపు తిరగనిద్దాం" అని తలుపు తీసి ఉంటారు.

పిల్లిని బయటికి వదలడం నెల రోజుల పని. అందులో తలుపు తీయడం అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే నాకొచ్చే ఫోన్లలో సగం రావు. అందుకే క్లినిక్‌లో రోజూ వినే మాటలు తీసుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: పిల్లిని ఎక్కడ వదిలినా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేస్తుంది

గోనెసంచిలో మూటకట్టి ఊరవతల వదిలేసి వస్తే, రెండో రోజుకల్లా వంటింటి గుమ్మంలో కూర్చున్న పిల్లి కథ మన ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. అలా తిరిగొచ్చే పిల్లులు ఉన్నాయి. కానీ అది ఎక్కడికి తిరిగొచ్చిందో చూడండి. పుట్టి పెరిగిన ఇంటికి. మీరు మొన్న తెచ్చుకున్న పిల్లికి 'ఇల్లు' అంటే ఇంకా ఆ పాత చోటే. మీ ఇల్లు దానికి వాసన తెలియని పరాయి చోటు.

పిల్లి ఇంటిని ముక్కుతో గుర్తుపడుతుంది. తలుపు అంచుకీ, కుర్చీ కాలుకీ, మీ కాళ్ళకీ బుగ్గలు రాస్తూ తిరుగుతుందే, ఆ బుగ్గల్లోని గ్రంథుల వాసనను అక్కడ పూస్తోందన్నమాట. మనకు తెలియని ఆ వాసన ఇల్లంతా పరుచుకున్నాకే దానికి ఇది 'నా చోటు' అవుతుంది. దానికి కనీసం మూడు, నాలుగు వారాలు పడుతుంది. బెరుకు పిల్లికైతే ఆరు, ఎనిమిది వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. పాత ఇల్లు పక్క కాలనీలోనే ఉంటే ఇంకా ఆగాలి, ఎందుకంటే దాని కాళ్ళు అటే లాగుతాయి.

క్యాలెండర్ కన్నా పిల్లిని చూడండి. వేళకు తింటోందా? పేరు పెట్టి పిలిస్తే తోక నిలబెట్టుకుని వస్తోందా? గది మధ్యలో పొట్ట పైకి పెట్టి నిద్రపోతోందా? కాలింగ్ బెల్ మోగితే ఇంకా మంచం కిందికే దూరుతుంటే, దానికి మీ హాలే ఇంకా అలవాటు కాలేదు. వీధి సంగతి తర్వాత.

ఒక టీచరమ్మ షెల్టర్ నుంచి గోధుమరంగు చారల పిల్లిని తెచ్చుకున్నారు. మూడో రోజు పెరటి తలుపు తీశారు, పిల్లి పిట్టగోడ దూకింది. వాళ్ళాయన, పిల్లలు ఆటో మాట్లాడుకుని నాలుగు కాలనీలు తిరిగారు. కరెంటు స్తంభాలకు ఫొటోలు అంటించారు. తొమ్మిదో రోజు రాత్రి దొరికింది, మూడిళ్ళ అవతల, నీళ్ళ సంపు పక్కన మోటారు కోసం కట్టిన చిన్న గూట్లో. టార్చి వేస్తే రెండు కళ్ళు మెరిశాయి. వీళ్ళు రోజూ ఆ గోడ పక్కనే నిలబడి పేరు పెట్టి పిలిచారు. అది అన్ని రోజులూ ఆ పిలుపు వింటూనే ఉండి ఉంటుంది, కానీ నోరు విప్పలేదు. భయపడ్డ పిల్లి అరవదు. అరిస్తే శత్రువుకు తెలిసిపోతుందని దాని ఒంట్లోనే రాసి ఉంది.

2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, తప్పిపోయి దొరికిన పిల్లుల్లో 75 శాతం తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయని తేలింది. కాబట్టి పిల్లి కనబడకపోతే బండేసుకుని ఊరంతా తిరగకండి. మీ ఇంటి చుట్టూ ఉన్న పదిళ్ళతో మొదలుపెట్టండి. మెట్ల కింద, కారు కింద, సజ్జల మీద, పాత సామాన్ల వెనక చూడండి. రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగాక టార్చి పట్టుకుని, నేల మీద వంగి వెతకండి. ఇరుగుపొరుగు వాళ్ళను "మా పిల్లి కనబడిందా" అని అడిగి ఊరుకోవద్దు. వాళ్ళ అనుమతితో మీరే వెళ్ళి చూడండి.

అపోహ: వీధి పిల్లే కదా, దానికి వీధి కొత్తా?

దానికి తన వీధి తెలుసు. మీ వీధి తెలియదు. ఏ గోడ ఎక్కితే కుక్క అందుకోలేదో, ఏ ఇంటావిడ కర్ర విసురుతుందో, ఏ వేళకు స్కూలు బస్సు వస్తుందో, ఆ లెక్కలన్నీ పాత చోటువి. ఇక్కడ అన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి. మన వీధుల్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గుంపుగా తిరిగే కుక్కలు. ఒంటరి కుక్కకు పిల్లి ఎదురుతిరిగి బయటపడవచ్చు, నాలుగు చుట్టుముడితే బతకడం కష్టం.

ఆ వీధిలో ముందునుంచీ ఉన్న గండుపిల్లి కూడా కొత్తదాన్ని ఊరికే వదలదు. కొట్లాటలో పంటి గాటు సూది పోటంత ఉంటుంది. పైన చర్మం మూసుకుపోయి లోపల చీము పడుతుంది. నాలుగో రోజుకు బుగ్గ మీదో తోక మొదట్లోనో నిమ్మకాయంత వాపు వచ్చి, జ్వరంతో తిండి మానేస్తే అప్పుడు తీసుకొస్తారు. పిల్లి కొట్లాడి వచ్చిందని తెలిసిన రోజే జుట్టు పాయలు తీసి ఒళ్ళంతా తడిమి చూడండి.

అపోహ: ఆడపిల్లికి ఒక ఈత అయ్యాకే ఆపరేషన్ చేయించాలి

పెద్దవాళ్ళు నమ్మకంగా చెబుతారు, కానీ ఇందులో నిజం లేదు. ఒక ఈత ఈనడం వల్ల పిల్లికి ఆరోగ్యపరంగా ఒరిగేదేమీ లేదు. నాలుగైదు నెలలకే అది ఎదకు రావచ్చు. చూలు మోసేది తొమ్మిది వారాలు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ ఎదకు రావడం కూడా మామూలే. నాలుగు నెలల పిల్లను "ఇంకా చంటిది" అనుకుని వదిలిన ఇంట్లో ఏడో నెలకల్లా అటక మీద నాలుగు పిల్లలుంటాయి. మగపిల్లికి ఆపరేషన్ చేయిస్తే దూరం తిరగడం, కొట్లాటలు బాగా తగ్గుతాయి. ఆపరేషన్ కాకుండా ఏ పిల్లినీ గేటు దాటనివ్వద్దు. ఈ విషయంలో నేను పట్టుబడతాను.

టీకాలు కూడా అంతే. పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, క్యాలిసి వైరస్‌లకు కలిపి ఇచ్చే టీకా ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేస్తాం. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. పెద్ద పిల్లిని తెచ్చుకుని, పాత టీకాల సంగతి తెలియకపోతే మొదటినుంచి వేయించడమే మేలు. సూది వేసిన రోజే రక్షణ రాదు, చివరి డోసు తర్వాత రెండు వారాలు ఆగాలి. రేబిస్ కుక్కలకే వస్తుందని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. పిల్లి వల్ల కూడా వస్తుంది. వీధిలో తిరిగే పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

అపోహ: చిప్ వేయిస్తే పిల్లి ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది

కనిపించదు. పిల్లి చర్మం కింద పెట్టే ఈ చిప్ బియ్యపు గింజంత ఉంటుంది, అందులో బ్యాటరీ ఉండదు, 15 అంకెల నంబరు మాత్రమే ఉంటుంది. ఎవరైనా పిల్లిని పట్టుకుని స్కానర్ ఉన్న చోటికి తెస్తేనే ఆ నంబరు పనికొస్తుంది. వేయించండి, దాంతోపాటు మీ ఫోన్ నంబరు రాసిన మెడపట్టీ కూడా కట్టండి. ఆ పట్టీ కొమ్మకు తగులుకుంటే దానంతటదే ఊడిపోయే రకం కావాలి. గట్టి బకిల్ ఉన్నది కడితే ఉరిపడే ప్రమాదం ఉంది.

అపోహ: ఏది తినాలో, ఏది కూడదో పిల్లికి తెలుసు

ఎలుకల కోసం విషం కలిపి పెట్టిన కేకు ముక్కను పిల్లి ముట్టకపోవచ్చు. ఆ కేకు తిని మత్తుగా పాకుతున్న ఎలుకను మాత్రం వదలదు. బజారులో దొరికే బ్రోమడయోలోన్ కేకులు రక్తం గడ్డకట్టనివ్వవు. గుణం రెండు మూడు రోజుల తర్వాతగానీ బయటపడదు. అప్పటిదాకా పిల్లి హాయిగా తిరుగుతుంటుంది. తర్వాత చిగుళ్ళు సున్నంలా తెల్లబడతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది, ఆయాసపడుతుంది. తొందరగా తెస్తే విటమిన్ కే1 తో బతికించవచ్చు, మందు వారాల తరబడి వాడాలి. బయటికి వదిలే ముందు చుట్టుపక్కల ఇళ్ళకు, కిరాణా కొట్టుకు వెళ్ళి "ఎలుకల మందు పెడుతున్నారా" అని అడగండి. మొహమాటపడకండి. పెడుతున్నారంటే పిల్లిని వదలకండి, అంతే.

ఇంకో రెండు విషాలు మన చేతుల్లోనే ఉన్నాయి. కుంటుతూ వచ్చిన పిల్లికి జాలిపడి పారాసిటమాల్ ఇస్తారు. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం పోవడానికి. బయట తిరిగితే గోమార్లు పడతాయని కుక్కలకు వేసే పెర్మెత్రిన్ చుక్కలు మెడ మీద వేస్తారు. వణుకుతో, ఫిట్స్‌తో నా టేబుల్ మీదికి వస్తుంది.

అపోహ: బయటికి వదలకపోతే పిల్లి కుమిలిపోతుంది

ఐదో అంతస్తు ఫ్లాటులో, లేదా బస్సులు తిరిగే రోడ్డు పక్కన ఉండేవాళ్ళకు నేను అసలు వదలొద్దనే చెబుతాను. బాల్కనీకి గట్టి మెష్ కొట్టించి, ఎక్కడానికి రెండు చెక్కలు బిగించి, రోజూ రెండు పూటలా పది నిమిషాలు ఆడిస్తే అది సుఖంగా ఉంటుంది. పిల్లి ఎత్తు నుంచి పడినా ఏమీ కాదనే మాట నమ్మకండి. న్యూయార్క్‌లో ఎత్తయిన భవనాల మీద నుంచి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల గురించి 1987లో ప్రచురించిన పరిశీలనను దీనికి రుజువుగా చూపిస్తుంటారు. వైద్యం అందినవాటిలో 90 శాతం బతికాయన్నది నిజమే. కానీ అక్కడికక్కడే చనిపోయినవాటిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు కదా.

సొంత ఇల్లు, ప్రహరీ, పెరడు, మరీ రద్దీలేని వీధి ఉన్నవాళ్ళు ఇక్కడి నుంచి శ్రద్ధగా చదవండి.

అపోహ: మొదటి రోజు కడుపునిండా పెట్టి, చంకనెత్తుకుని వీధంతా చూపించాలి

రెండూ తప్పే. కడుపు నిండిన పిల్లికి తిరిగొచ్చే అవసరం ఉండదు. పొద్దుటి తిండికి ముందు, ఆకలిగా ఉన్నప్పుడు వదలండి. ఎత్తుకుని తీసుకెళ్తే వచ్చిన దారి దాని కాళ్ళకూ ముక్కుకూ తెలియదు. పైగా బైకు హారన్ మోగగానే మీ భుజం మీద గోళ్ళు దించి దూకేస్తుంది. తలుపు తీసి పెట్టి మీరు ముందు బయట కూర్చోండి. గుమ్మం దగ్గరే పదినిమిషాలు వాసన చూస్తూ నిలబడితే నిలబడనివ్వండి. వెనక నుంచి తోయకండి. లోపలికి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి, రేపు చూద్దాం. తిరిగి పరుగెత్తుకెళ్ళడానికి దారి కావాలి, కాబట్టి వెనక తలుపు మూయకండి.

దీనికి ముందు నెలంతా ఒక అలవాటు చేయాలి. తిండి పెట్టే ప్రతిసారీ డ్రై ఫుడ్ డబ్బానో, ఎండు నెత్తళ్ళు వేసిన స్టీలు డబ్బానో గలగలమని ఆడించి, ఆ వెంటనే పెట్టండి. ఇంట్లో ఏ మూలనుంచైనా ఆ చప్పుడుకు పరుగెత్తుకొస్తోందంటే మీకు తాడు దొరికినట్టే. రాకపోతే ఇంకో వారం ఆగండి.

వేళ కూడా చూసుకోవాలి. వానలేని రోజు, వీధి ప్రశాంతంగా ఉండే ఉదయం మంచిది. వేసవిలోనైతే ఏడింటికి ముందే, ఎండెక్కితే గచ్చు కాళ్ళు కాలుస్తుంది. సాయంత్రం వద్దు, చీకటి పడితే వెతకలేరు. దీపావళికి ముందూ వెనకా రెండు వారాలు అసలు ఆలోచన పెట్టుకోకండి. సంక్రాంతికి చెట్లకూ తీగలకూ చిక్కుకున్న మాంజా కాళ్ళు కోసేస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించినా, జనవరిలో నేను కుట్లు వేయని ఏడాది లేదు.

మొదటిరోజు ఐదు నిమిషాలు చాలు. పొట్ట నేలకు ఆనించి పాకుతూ, చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు నల్లగా పెద్దవైతే భయపడినట్టు. పరుగెత్తి పట్టుకోబోకండి, డబ్బా ఆడించండి.

ఆ టీచరమ్మ రెండోసారి ఏడు వారాలు ఆగారు. ఆదివారం పొద్దున ఆరున్నరకు వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, తలుపు తీసి ఉంచారట. పిల్లి గడప మీద చాలాసేపు నిలబడి, మల్లెకుండీ దాకా వెళ్ళి, దాని అంచుకు బుగ్గ రాసిందట. డబ్బా ఒక్కసారి ఆడించగానే వెనక్కి తిరిగి, తోక నిలబెట్టుకుని వచ్చేసిందని నాకు ఫోన్ చేసి చెప్పారు. "ఇప్పుడేం చేయను మేడమ్?" అని అడిగారు. లోపల తిండి పెట్టి తలుపు వేసేయమన్నాను. రేపు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ.