అంటుకున్న అణువు ఎంతసేపు ఉంటుంది?

వంటింట్లో పెట్టుకునే గ్యాస్ లీక్ అలారాల్లో చాలావాటికి ప్రాణం టిన్ ఆక్సైడ్, అంటే తగరం ఆక్సిజన్‌తో కలిసిన పదార్థం. స్టీలు జాలీ ఉన్న బుల్లి డబ్బీ, అందులో ఆ ఆక్సైడ్ పూత, దాన్ని వేడిచేసే హీటరు. కరెంటు ఇచ్చాక డబ్బీని ముట్టుకుంటే వేలికి వెచ్చగా తగులుతుందంతే. లోపలి పూత మాత్రం సుమారు 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య కాగుతూ ఉంటుంది. జపాన్‌లో నవోయోషి టగుచి ఇలాంటి సెన్సర్ పేటెంటుకు దరఖాస్తు చేసింది 1962లో. అరవై ఏళ్లు దాటినా, ఆ పూత మీద సరిగ్గా ఏం జరుగుతోందన్న వాదన ఇంకా తెగలేదు.

పుస్తకాల్లో ఉండే కథ ఇది. గాలిలోని ఆక్సిజన్ పూతకు అంటుకుని, అందులోంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. దాంతో విద్యుత్ నిరోధం పెరుగుతుంది. కార్బన్ మోనాక్సైడో, వంటగ్యాసో వస్తే ఆ ఆక్సిజన్‌తో కలిసి మండిపోతుంది. ఎలక్ట్రాన్లు పూతకు తిరిగొస్తాయి, నిరోధం పడిపోతుంది, అలారం మోగుతుంది. అంటే సెన్సర్ గ్యాసును గుర్తుపట్టడం లేదు, తన మీదున్న ఆక్సిజన్ తరిగిందని మాత్రమే చెబుతోంది. శానిటైజర్ రాసుకున్న చెయ్యి దగ్గరపెట్టినా అది కుయ్యోమనడం అందుకే.

ఏ గ్యాసు ఎక్కడ అంటుకుంటుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్నది కంటికి కనిపించే విషయం కాదు కాబట్టి కంప్యూటర్‌ను ఆశ్రయిస్తారు. ఇక్కడ ఎక్కువగా వాడే పద్ధతి డెన్సిటీ ఫంక్షనల్ థియరీ. దానికి పునాదులు 1964, 1965 సంవత్సరాల్లో పడ్డాయి. అందుకుగాను వాల్టర్ కోన్‌కు 1998లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. ఒక్కో ఎలక్ట్రాన్ వెంటా పడకుండా, మొత్తం ఎలక్ట్రాన్ల సాంద్రత నుంచే వ్యవస్థ శక్తిని లెక్కగట్టవచ్చన్నది అందులోని కీలకం. మూడు లెక్కలు వేస్తారు: గ్యాసు అంటుకున్న ఉపరితలం శక్తి, ఖాళీ ఉపరితలం శక్తి, విడి అణువు శక్తి. మొదటిదాంట్లోంచి మిగతా రెండూ తీసేస్తే వచ్చేదే అధిశోషణ శక్తి, అంటే అణువు ఉపరితలాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పే అంకె. పరిశోధన పత్రాల్లో దాన్ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం), సాధారణంగా మైనస్ గుర్తుతో రాస్తారు.

ఆ అంకెను చూసి 'బాగా అంటుకుంటోంది, మంచి సెన్సర్ అవుతుంది' అని తేల్చేసే పత్రాలు బోలెడు. నాకైతే అంత తొందర నచ్చదు. అదే అంకెను కాలంలోకి మార్చి చూడండి. అంటుకున్న అణువు సెకనుకు దాదాపు పది లక్షల కోట్ల సార్లు కంపిస్తుందనీ, ప్రతి కంపనం విడిపోవడానికి ఒక ప్రయత్నమనీ అనుకుందాం. 300 డిగ్రీల దగ్గర పట్టు (మైనస్ గుర్తు వదిలేసి) 0.3 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే, అణువు సెకనులో వంద కోట్లో వంతు కూడా నిలవదు. 1.5 అయితే ఒకటిన్నర సెకను ఉంటుంది. 2 అయితే పది గంటలు దాటుతుంది! అలాంటి సెన్సర్ పొద్దున గ్యాసు తగిలితే సాయంత్రం దాకా తేరుకోదు. అంటే మరీ వదులు పట్టు పనికిరాదు, మరీ గట్టి పట్టూ పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పద్ధతిలో 0.2 ఎలక్ట్రాన్ వోల్ట్ తేడా రావడం మామూలే. అదే వేడిలో ఆ చిన్న తేడాకే అణువు అంటుకుని ఉండే కాలం యాభై రెట్లకు పైగా మారిపోతుంది.

తర్వాతి తలనొప్పి ఉపరితలాన్ని ఎలా ఊహించుకోవాలన్నది. పది నానోమీటర్ల టిన్ ఆక్సైడ్ రేణువులో సుమారు 44 వేల పరమాణువులు ఉంటాయి. మామూలు పద్ధతిలో లెక్క బరువు పరమాణువుల సంఖ్య ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. సంఖ్య రెట్టింపైతే పని ఎనిమిది రెట్లు. అందుకని నూరో రెండు నూర్లో పరమాణువుల పలకను తీసుకుని, గచ్చు మీద టైల్స్ పరిచినట్టు నాలుగు వైపులా అదే పునరావృతమవుతోందని కంప్యూటర్‌కు చెబుతారు. పైన కొంత శూన్యం వదులుతారు. టిన్ ఆక్సైడ్ స్ఫటికానికి అన్నిటికంటే స్థిరమైన ముఖం 110 అనే తలం (స్ఫటికాన్ని ఏ దిశలో కోశారో చెప్పే గుర్తు అది) కాబట్టి సాధారణంగా దాన్నే ఎంచుకుంటారు. లోపం లేని ఆ తలం మీద ఆక్సిజన్ అణువు సరిగా అంటుకోదని లెక్కలు చెబుతాయి. పైవరసలోని ఒక ఆక్సిజన్ పరమాణువును పీకేసి ఖాళీ చేస్తే మాత్రం అక్కడ గట్టిగా కూర్చుంటుంది. మరి నిజమైన పూత మీద అలాంటి ఖాళీలు ఎన్ని? ఆ సంఖ్యను మనమే పెట్టాలి. జవాబు సగం అక్కడే తేలిపోతుంది.

ఈ ఖాళీల దగ్గరే ఆ పాత వాదన మళ్లీ తల ఎత్తుతుంది. కార్బన్ మోనాక్సైడ్ మండేది బయటి నుంచి వచ్చి అంటుకున్న ఆక్సిజన్‌తోనా, స్ఫటికంలోని సొంత ఆక్సిజన్‌తోనా? సొంతదాన్నే లాక్కుపోతే అక్కడ ఖాళీ మిగులుతుంది, దాని ఎలక్ట్రాన్లు పూతలోనే ఉండిపోతాయి. నిరోధం అప్పుడూ పడిపోతుంది. బయటి నుంచి చూస్తే రెండు కథలకూ ఒకటే ఫలితం! పుస్తకాల కథకు అవసరమైన ఒంటరి ఆక్సిజన్ అయాన్‌కు (ఎలక్ట్రాన్ లాక్కున్న ఒక్క ఆక్సిజన్ పరమాణువుకు), సెన్సర్ పనిచేసే వేడిలో వర్ణపట సాక్ష్యం, అంటే కాంతితో పరీక్షించి చూసే రుజువు, దొరకలేదని 2006లో పరిశోధకుడు అలెగ్జాండర్ గుర్లో తన సమీక్షలో ఎత్తిచూపాడు. లెక్కల్లోనైతే రెండు దారుల్లోనూ దాటాల్సిన శక్తి గట్టు ఎత్తును విడివిడిగా కొలవవచ్చు. కంప్యూటర్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోట అనిపిస్తుంది నాకు. కొత్త సెన్సర్‌ను కనిపెట్టడం కంటే, ఒకే ఫలితం చూపే రెండు కారణాలను విడదీయడంలో దాని సాయం పెద్దది.

అన్నట్టు, గాలిలో తేమను చాలా లెక్కలు పట్టించుకోనే పట్టించుకోవు. నీటి అణువు ఈ ఉపరితలం మీద విడిపోయి హైడ్రాక్సిల్ గుంపులుగా (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జతలుగా) స్థిరపడుతుంది. దాంతో గ్యాసు లేకపోయినా నిరోధం తగ్గుతుంది, గ్యాసు వచ్చాక స్పందనా మారుతుంది. తేమను లెక్కలో చేర్చాలంటే పలక మీద నీటి అణువులను రకరకాల అమరికల్లో పరిచి, ప్రతి అమరికకూ మొత్తం పని మొదటి నుంచీ చేయాలి. ఈ ఖర్చును తగ్గించడానికే ఇటీవల పైన చెప్పినలాంటి క్వాంటం లెక్కల ఫలితాలతో శిక్షణ ఇచ్చిన మెషిన్ లెర్నింగ్ నమూనాలను తెస్తున్నారు. వాటితో వేల పరమాణువులున్న తడి ఉపరితలాన్ని కూడా వేడి మీద కదిలించి చూడవచ్చు. అయితే శిక్షణలో లేని అమరిక ఎదురైతే అవి ధీమాగా తప్పు చెబుతాయి. అందుకే మధ్యమధ్యలో అసలు లెక్కతో సరిచూసుకుంటూ ఉంటారు.